పాత బెంచ్ మల్టీమీటర్ కంప్యూటర్ మాట వినేదాకా – నా అనుభవం

మాది చర్లపల్లిలో చిన్న యూనిట్. వేబ్రిడ్జిల్లో, పెద్ద తూకం మెషిన్లలో ఉండే లోడ్ సెల్‌కు (బరువును వోల్టేజీగా మార్చే భాగం) 10 వోల్టులు ఇచ్చే సప్లై బోర్డులు చేస్తాం. అందులో టెస్టింగ్ బెంచ్ నాది. ఫిబ్రవరిలో ఒక కొత్త కస్టమర్ ఆర్డరు ఇస్తూ షరతు పెట్టారు. మూడు శాంపిల్ బోర్డులు ఇవ్వాలి, ఒక్కో బోర్డు 24 గంటలు లోడ్ మీద నడవాలి, నిమిషానికో రీడింగు ఉండాలి, ఆ రోజు మొత్తంలో వోల్టేజీ 1 మిల్లీవోల్టుకు మించి కదలకూడదు. రీడింగులు కంప్యూటర్ ఫైల్లో టైముతో సహా కావాలి. చేత్తో రాసిన పుస్తకం ఒప్పుకునేది లేదన్నారు.

అంతవరకూ మా దగ్గర ఉన్న పద్ధతి చేత్తో రాయడమే. నైట్ డ్యూటీ కుర్రాడు పదిహేను నిమిషాలకోసారి మీటరు చూసి నోట్‌బుక్‌లో ఎక్కించేవాడు. తెల్లవారుజామున మూడింటికి రాసిన అంకెల మీద నాకు ఎప్పుడూ నమ్మకం కుదరలేదు. వాడి తప్పేం లేదు, ఆ వేళకు ఎవరి కళ్లయినా మూతపడతాయి.

కంప్యూటర్‌తో మీటరును నడిపించడం గురించి అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు: కేబుల్ పెట్టు, కమాండ్ పంపు, రీడింగు వస్తుంది. కేబుల్ పెట్టడానికీ రీడింగు రావడానికీ మధ్య ఏం జరుగుతుందో చెప్పినవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు. అందుకే ఇదంతా వరసగా రాస్తున్నాను. కమాండ్లు కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, ఇక్కడ మాత్రం మేం బెంచి దగ్గర పలికినట్టు రాస్తాను.

ముందు మీటరు సంగతి. నెట్‌వర్క్ కేబుల్, యూఎస్‌బీ రెండూ ఉన్న కొత్త ఆరున్నర అంకెల మీటరు (చాలా చిన్న తేడా కూడా చూపే రకం) లక్ష దాటింది. మాకు అంత తాహతు లేదు. బెంగళూరులో పాత పరికరాలు అమ్మే ఒకాయన దగ్గర 34401ఏ దొరికింది. హ్యూలెట్-ప్యాకార్డ్ పేరుతో మొదలై, తర్వాత ఎజిలెంట్ పేరుతో, ఆ తర్వాత కీసైట్ పేరుతో వచ్చిన మోడల్ అది. మాకు వచ్చింది హ్యూలెట్-ప్యాకార్డ్ కాలం నాటిది. మీటరు 41,000, ప్యాకింగు, ట్రాన్స్‌పోర్టు కలిపి ఇంకో 1,400. వారంలో వస్తుందన్నారు కానీ పది రోజుల పైనే పట్టింది. పార్సిల్ కోసం ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు రోజూ ఫోను చేసేదాన్ని. పెట్టె విప్పాక కాగితం ముక్క కూడా లేదు, మాన్యువల్ లేదు, ప్రోబ్స్ లేవు. అవన్నీ ఉంటాయనుకుని బేరం ఆడకండి, ముందే అడగండి.

వెనకాల రెండు సాకెట్లు ఉంటాయి. ఒకటి జీపీఐబీ (ల్యాబు పరికరాలను కంప్యూటర్‌కు కలిపే సాకెట్), ఇంకోటి ఆర్‌ఎస్-232 అనే తొమ్మిది పిన్నుల పాత సీరియల్ సాకెట్. జీపీఐబీని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ కొత్తది కొందామని ధర అడిగితే దాదాపు ఇంకో మీటరు కొన్నట్టే ఉంది. సీరియల్ దారే మిగిలింది. నిమిషానికో రీడింగుకు వేగంతో పనేముంది? సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక రీడింగు కంప్యూటర్‌కు చేరడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు.

మొదట మీటరు ముందు ప్యానెల్‌లో మెనూ తెరిచి ‘ఐ/ఓ మెనూ’కు వెళ్లాలి. ఇంటర్‌ఫేస్‌ను జీపీఐబీ నుంచి ఆర్‌ఎస్-232కు మార్చాలి, వేగం 9600, పారిటీ (తప్పు పట్టడానికి పంపే అదనపు బిట్) ఈవెన్. అక్కడే ‘లాంగ్వేజ్’ అని ఇంకో అంశం కనిపిస్తుంది. ఫ్లూక్, హ్యూలెట్-ప్యాకార్డ్ పాత మీటర్ల కమాండ్లకు కూడా ఇది స్పందిస్తుంది కానీ సీరియల్ మీద మాత్రం ఎస్‌సీపీఐ (పరికరాలకు కమాండ్లు ఇచ్చే ఉమ్మడి భాష) ఒక్కటే నడుస్తుంది, దాన్ని కదిలించకండి. ఈవెన్ పారిటీ పెడితే డేటా బిట్లు 7, స్టాప్ బిట్లు 2. ఈ 7, 2 దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే కంప్యూటర్ వైపు ఏ ప్రోగ్రామ్ తెరిచినా 8, 1 అని ఉంటుంది. ఈ సెట్టింగులు మీటరు ఆపినా పోవు. అది ఒక్కటీ హాయి.

ఇక కేబుల్. దీని మీద మార్చి మొదటి వారమంతా పోయింది.

కోఠి గుజరాతీ గల్లీలో ‘మల్టీమీటరుకు సీరియల్ కేబుల్’ అని అడిగితే 350 రూపాయలకు ఒకటి ఇచ్చారు. దాంతో పాటు యూఎస్‌బీని సీరియల్‌కు మార్చే చిన్న అడాప్టర్ కూడా తీసుకున్నాను. ల్యాప్‌టాప్‌కు పెట్టి, మా వారి అన్నయ్య కొడుకుతో ఒక చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాయించాను. వాడు ఇంజనీరింగ్ మూడో ఏడు, నేను మా అబ్బాయి అనే అంటాను. *ఐడీఎన్? పంపితే మీటరు తన పేరు చెప్పాలి. ఏమీ రాలేదు. స్క్రీన్ మీద ఖాళీ గీత. వాడు వేగం మార్చాడు, పోర్టు మార్చాడు, ల్యాప్‌టాప్ మార్చాడు. “పిన్నీ, మీటరే పాడైందేమో” అన్నాడు. ఆ మాటకు నాకు కడుపులో తిప్పేసింది. నలభై వేలు పెట్టింది నేను, ఇంట్లో ఒప్పించింది నేను.

మా పక్క షెడ్డులో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే యూనిట్‌కు అప్పుడప్పుడు ఒక పెద్దాయన వస్తుంటారు. ఈసీఐఎల్‌లో టెస్టింగ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన్ని పిలిచాను. కేబుల్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “అమ్మా, చేతి మీటరు ఉందా, బీప్ మోడ్‌లో పెట్టు” అన్నారు. ఒక్కో పిన్నూ ముట్టించి చూస్తే ఈ చివర రెండో పిన్ను ఆ చివర రెండుకే వెళ్లింది, మూడు మూడుకే. “ఇది నిలువు కేబుల్. ఈ మీటరూ కంప్యూటర్ లాగే పంపే వైపు. రెండూ మూడో పిన్ను మీదే మాట్లాడుతుంటే వినేదెవరు?”

సరే, రెండూ మూడూ అడ్డంగా మార్చి, ఐదో పిన్ను నేరుగా కలిపి మూడు వైర్లతో నేనే కేబుల్ చేసుకున్నాను. తెల్లారి పెట్టి చూస్తే మీటరు బీప్ అంది! కమాండ్ చేరింది. కానీ జవాబు మాత్రం రాదు. మళ్లీ ఆయనే వచ్చారు. “ఆరో పిన్ను ఎక్కడికి పోయింది?” అని అడిగారు. ఈ మీటరు ఆరో పిన్ను మీద సిగ్నల్ ఉంటేనే పెదవి విప్పుతుంది. లేకపోతే అవతల వినడానికి ఎవరూ సిద్ధంగా లేరనుకుని జవాబు తనలోనే పెట్టుకుంటుంది. నాలుగు ఆరుకు, ఆరు నాలుగుకు కలపాలి. మొత్తం ఐదు వైర్లు: రెండు మూడుకు, మూడు రెండుకు, నాలుగు ఆరుకు, ఆరు నాలుగుకు, ఐదు ఐదుకు. రెండు చివర్లా ఆడ కనెక్టర్లే. కనెక్టర్లు, వైరు కలిపి 150 రూపాయల లోపే. ప్రోగ్రామ్‌లో పోర్టు తెరిచేటప్పుడు డీటీఆర్ (‘నేను సిద్ధం’ అని చెప్పే సిగ్నల్) ఆన్‌లో ఉండేట్టు చూసుకోవాలి. ల్యాప్‌టాప్ వైపు నాలుగో పిన్ను మీద సిగ్నల్ లేకపోతే ఈ సోల్డరింగ్ అంతా వృథా.

ఇంకో చిన్న సంగతి ఉంది. టెర్మినల్ ప్రోగ్రామ్‌లో చేత్తో కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కితే చాలావాటిలో క్యారేజ్ రిటర్న్ ఒక్కటే వెళ్తుంది. మీటరుకు లైన్ ఫీడ్, అంటే లైను అయిపోయిందని చెప్పే ఇంకో గుర్తు, కావాలి. అది రాకపోతే మనం ఇంకా మాట్లాడుతూనే ఉన్నామనుకుని ఎదురు చూస్తుంది. ప్రోగ్రామ్‌లో ప్రతి కమాండ్ చివరా లైన్ ఫీడ్ పెట్టించాను. అప్పుడు వచ్చింది మొదటి జవాబు: హ్యూలెట్-ప్యాకార్డ్, 34401ఏ, సున్నా, ఆ తర్వాత లోపలి సాఫ్ట్‌వేర్ అంకెలు. ఆ ఒక్క లైనుకు మేమిద్దరం లేచి నిలబడ్డాం. ఆ రోజు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను.

సంతోషం అరగంట కూడా నిలవలేదు. పేరు చెప్పిన మీటరు కొలవమంటే కొలవదు. మెజ్:వోల్ట్:డీసీ? (డీసీ వోల్టేజీ కొలిచి చెప్పు) అని పంపినప్పుడల్లా ఒక బీప్, డిస్‌ప్లే మీద ‘ఎర్రర్’ అన్న చిన్న గుర్తు. ఈసారి పెద్దాయన దాకా వెళ్లలేదు, మాన్యువల్ దించుకుని చదివాను. అందులో ఉన్న ఒక కమాండ్ మా పనిని మార్చేసింది: సిస్ట్:ఎర్? అది పంపితే మీటరు తనకు ఏం నచ్చలేదో మాటల్లో చెబుతుంది. మాకు 550 అని వచ్చింది, పక్కన ‘లోకల్‌లో ఈ కమాండ్ కుదరదు’ అని. లోకల్ అంటే మీటరు ఇంకా తన బటన్ల మాటే వింటోందని. సీరియల్ మీద నడిపేటప్పుడు అన్నిటికంటే ముందు సిస్ట్:రెమ్ (రిమోట్) పంపాలి. అది అందుకోగానే డిస్‌ప్లే మీద ‘ఆర్‌ఎమ్‌టీ’ అని వెలుగుతుంది. అది వెలగకపోతే మిగతా కమాండ్లు పంపి లాభం లేదు. మేం సిస్ట్:రెమ్ తర్వాత ఒక సెకను ఆగి మిగతావి పంపుతున్నాం.

ఆ రోజు నుంచి నా నియమం ఒకటే. సెట్టింగ్ కమాండ్ ఏది పంపినా వెంటనే సిస్ట్:ఎర్? అడగాలి, ‘+0, నో ఎర్రర్’ అని వచ్చేదాకా ముందుకు పోకూడదు. మీటరు తప్పుల్ని 20 వరకు వరసలో దాచుకుంటుంది, పాతది ముందు చెబుతుంది. అందుకే ఒక్కసారి అడిగి వదిలేస్తే నిన్నటి తప్పు ఇవాళ్టిదిలా కనిపిస్తుంది. సున్నా వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. మా అబ్బాయికి ఇది మొదట్లో చాదస్తంగా అనిపించింది. రెండు రోజుల్లో వాడే ప్రతి లైను కిందా పెట్టడం మొదలుపెట్టాడు.

−113 అన్న తప్పు మాకు ఎక్కువగా వచ్చింది. అంటే ఆ కమాండ్ పేరే తనకు తెలియదని. ఎస్‌సీపీఐలో మాటను పూర్తిగా రాయాలి, లేదా ఖరారైన పొట్టి రూపం రాయాలి. మధ్యలో ఎక్కడో ఆపితే ఒప్పుకోదు. పొట్టి రూపమంటే సాధారణంగా మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, నాలుగోది అచ్చయితే మూడే. అందుకే మెజర్‌కు నాలుగు అక్షరాలు, రిమోట్‌కు మూడు. మెజర్‌లో ఐదు అక్షరాలు కొట్టి ఆపితే బీప్. పెద్దక్షరాలా చిన్నక్షరాలా అన్నది దానికి పట్టింపు లేదు.

మీటరు మాట్లాడుతున్నాక దాన్ని కొన్ని సొంత విషయాలు అడిగాను. పాత మీటరు కొన్న ప్రతివాళ్లూ ఇవి అడగాలి. *టీఎస్‌టీ? పంపితే పూర్తి సెల్ఫ్ టెస్ట్ చేసుకుని, బాగుంటే 0, లేకపోతే 1 ఇస్తుంది. దాదాపు 15 సెకన్లు పడుతుంది, అంతసేపు ప్రోగ్రామ్ ఓపిక పట్టేలా ఉండాలి. మాది 0 ఇచ్చింది. క్యాల్:స్ట్రింగ్? (పొట్టిగా క్యాల్:స్ట్ర్?) అడిగితే ఇంతకు ముందు క్యాలిబ్రేట్ చేసినవాళ్లు లోపల రాసి వదిలిన మాట బయటికొస్తుంది. మా మీటరులో 2011 నాటి తేదీ ఉంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ సరిచేయలేదన్నమాట, లేదా చేసినా రాయలేదు. క్యాల్:కౌన్? అంటే లోపలి క్యాలిబ్రేషన్ లెక్క చెబుతుంది. ఒక్కో పాయింటు సరిచేసినప్పుడల్లా ఆ అంకె పెరుగుతుంది. ఆ అంకె రాసిపెట్టుకుని మీటరును ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపాను. జీఎస్టీతో కలిపి 5,000 పైచిలుకు, తిరిగి రావడానికి ఉగాది సెలవులతో కలుపుకుని రెండు వారాలు. సర్టిఫికెట్ చూస్తే అన్ని రేంజిల్లోనూ హద్దుల్లోనే ఉంది. క్యాల్:కౌన్? మళ్లీ అడిగితే పాత అంకే వచ్చింది. అంటే వాళ్లు పరీక్షించారు గానీ లోపల ఏమీ సవరించలేదు. సర్టిఫికెట్‌లో రాసింది, మీటరు చెప్పింది ఒకటే కావడంతో మనసు కుదుటపడింది. పదేళ్లకు పైగా ఎవరూ ముట్టని మీటరు హద్దు దాటలేదంటే, దాన్ని తయారుచేసినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

ఏప్రిల్ మొదట్లో అసలు పని మొదలైంది.

మా అబ్బాయి రాసిన ప్రోగ్రామ్ నిమిషానికోసారి మెజ్:వోల్ట్:డీసీ? పంపుతుంది. రీడింగు వస్తోంది. +1.00012340ఈ+01 అని, అంటే 10.001234 వోల్టులు. డిస్‌ప్లే మీద కనిపించే దానికంటే అంకెలు ఎక్కువే. కానీ నాకొక అనుమానం. మాకు కావలసింది వీలైనంత నిలకడైన రీడింగు, అందుకని ముందుగానే వోల్ట్:డీసీ:ఎన్‌పీఎల్‌సీ 100 పంపాం. అంటే కరెంటు సరఫరాలో 100 సైకిళ్ల పాటు కొలిచి సగటు తీయమని. మన 50 హెర్ట్‌జ్‌లో 100 సైకిళ్లంటే 2 సెకన్లు. ఆటో జీరో ఆన్‌లో ఉంటే ప్రతి కొలతకూ ఒక సున్నా కొలత కూడా చేస్తుంది గనక 4 సెకన్లు. మరి మాకు జవాబు కళ్లార్పేలోగా వచ్చేస్తోంది! 4 సెకన్లు పట్టాల్సింది అర సెకనులో ఎలా వస్తుంది?

మెజర్ కమాండ్ స్వభావమే అంత. దాన్ని పంపిన ప్రతిసారీ మీటరు మనం పెట్టిన సెట్టింగులు పక్కనపెట్టి తన మామూలు సెట్టింగులకు వెళ్లి, అంటే 10 సైకిళ్లకు, కొలుస్తుంది. తప్పు చూపించదు, బీప్ అనదు, సిస్ట్:ఎర్? అడిగినా సున్నానే. ఒక్కసారి కొలవడానికి అది బాగుంటుంది. రాత్రంతా ఒకే పద్ధతిలో కొలవడానికి పనికిరాదు. వరస ఇలా ఉండాలి: ముందు కాన్ఫ్:వోల్ట్:డీసీ 10, దాంతో 10 వోల్టుల రేంజి ఖాయమవుతుంది. ఆ తర్వాతే ఎన్‌పీఎల్‌సీ 100. ఆపై ప్రతి నిమిషం రీడ్? మాత్రమే. కాన్ఫ్ కూడా సెట్టింగులు తుడిచేస్తుంది కాబట్టి ఎన్‌పీఎల్‌సీ దాని తర్వాతే రావాలి. పెట్టిన అంకె నిలిచిందో లేదో వోల్ట్:డీసీ:ఎన్‌పీఎల్‌సీ? అని ప్రశ్న గుర్తుతో అడిగితే చెబుతుంది. దాదాపు ప్రతి సెట్టింగునూ ఇలా తిరిగి అడగొచ్చు.

వరస మార్చగానే రీడింగు నింపాదిగా, 4 సెకన్లకు రావడం మొదలైంది. చివరి అంకెల ఊగిసలాట బాగా తగ్గింది. కానీ వెంటనే ఇంకో చిక్కు. ప్రోగ్రామ్ జవాబు కోసం ఆగే సమయం 1 సెకనే ఉంది. 1 సెకను చూసి, ఏమీ రాలేదనుకుని మళ్లీ అడుగుతోంది. ముందు ప్రశ్నకు జవాబు బయటికి రాకముందే ఇంకో ప్రశ్న వస్తే మీటరు −410 అంటుంది. ఆగే సమయం 10 సెకన్లు చేశాక ఆ గొడవ పోయింది. ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయి మీటరు సగం మాటతో ఇరుక్కున్నప్పుడు కంట్రోల్-సీ అక్షరం, అంటే 3వ నంబరు బైట్, పంపితే చేతిలో పని వదిలేసి శుభ్రంగా మొదలవుతుంది. మా ప్రోగ్రామ్ ఇప్పుడు మొదలవగానే పంపేది అదే.

ఈలోగా ఎండలు ముదిరాయి. షెడ్డులో మధ్యాహ్నం 38, 39 డిగ్రీలు. ఈ మీటరు పనితీరు 18 నుంచి 28 డిగ్రీల మధ్య లెక్కగట్టింది. అది దాటితే 10 వోల్టుల దగ్గర డిగ్రీకి 60 మైక్రోవోల్టుల దాకా తేడాకు అవకాశం ఉందని స్పెసిఫికేషన్ లెక్క. 10 డిగ్రీలు పెరిగితే 600 మైక్రోవోల్టులు. మాకిచ్చిన హద్దే 1000. బోర్డు కదిలిందా మీటరు కదిలిందా అని చెప్పలేని రీడింగును కస్టమర్‌కు ఏ ముఖంతో ఇస్తాం? బెంచి మొత్తాన్ని ఏసీ ఉన్న ఆఫీసు గదిలోకి మార్చాం. మా వారి కుర్చీ, ఫైళ్లు బయటికొచ్చాయి. ఆయన వారం రోజులు ప్యాకింగు టేబుల్ దగ్గరే కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. మీటరు ఆన్ చేసి కనీసం గంట ఆగాకే కొలత మొదలుపెట్టాలి, మేం రెండు గంటలు ఆగుతున్నాం.

మొదటి రాత్రి లాగ్ మొదలుపెట్టి ఇంటికెళ్లాను. నిద్ర పట్టలేదు. పొద్దున్నే వచ్చి చూస్తే ఒంటిగంట తర్వాత ఫైల్లో ఒక్క అంకె లేదు. కరెంటు కాసేపు పోయి వచ్చింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచింది, మీటరు ఆగి మళ్లీ లేచింది. లేచిన మీటరు మొదట్లో లాగే లోకల్‌లో ఉంటుంది, సిస్ట్:రెమ్ పోయింది, రేంజి పోయింది, ఎన్‌పీఎల్‌సీ పోయింది. ప్రోగ్రామ్ తెల్లారేదాకా రీడ్? అని అడుగుతూనే ఉంది. బోర్డు కూడా ఆగింది గనక ఆ పరీక్ష చెల్లదు. ఆ పొద్దున చాలా ఏడుపొచ్చింది.

ఆ రోజే బోర్డు, లోడు, మీటరు మూడింటినీ ఆఫీసు ఇన్వర్టర్ మీదికి మార్చాం. మామూలు కరెంటు మీదా, ఇన్వర్టర్ మీదా విడివిడిగా గంట సేపు లాగ్ తీసి పోల్చుకున్నాకే ఖాయం చేశాం. మాది సైన్ వేవ్ ఇన్వర్టర్, తేడా కనబడలేదు. ప్రోగ్రామ్‌లో కూడా మార్పు చేయించాను. జవాబు రాకపోయినా, తప్పు వచ్చినా ఆ నిమిషానికి ‘ఖాళీ’ అని టైముతో రాసి, సిస్ట్:రెమ్ దగ్గర్నుంచి మొత్తం వరస మళ్లీ పంపి, అప్పుడు కొనసాగాలి. ప్రతి రీడింగూ వచ్చిన వెంటనే ఫైల్లో భద్రమవ్వాలి. ల్యాప్‌టాప్ నిద్రలోకి పోకుండా, తనంతట తాను రీస్టార్ట్ కాకుండా సెట్టింగులు మార్చాం. కోఠిలో కొన్న అడాప్టర్ రెండు సార్లు దానంతటదే మాయమైంది, దాన్ని పక్కనపెట్టి ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్న యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ 1,350 పెట్టి కొన్నాను. ఆ తర్వాత పోర్టు పోలేదు.

పగటిపూట ఇంకో భయం. ఆ గదిలోకి వచ్చేవాళ్లకు మీటరు బటన్లు చేతికందేంత దూరంలో ఉన్నాయి. రిమోట్‌లో ఉన్నా లోకల్ బటన్ నొక్కితే మీటరు చేతి కంట్రోల్‌కు వచ్చేస్తుంది. సిస్ట్:రెమ్ బదులు సిస్ట్:ఆర్‌డబ్ల్యూఎల్ పంపితే ఆ బటన్‌తో సహా అన్నీ పనిచేయడం మానేస్తాయి. పని అయ్యాక సిస్ట్:లోక్ పంపితే మామూలే. డిస్ప్:టెక్స్ట్‌తో డిస్‌ప్లే మీద 12 అక్షరాల దాకా మన మాట చూపించొచ్చు. ‘డోంట్ టచ్’ అని పెట్టించాను. చాయ్ ఇచ్చే పిల్లాడు కూడా ఆ టేబుల్‌కు దూరంగా గ్లాసు పెట్టడం మొదలుపెట్టాడు.

మొదటి బోర్డు 24 గంటలు ఒక్క ఖాళీ లేకుండా నడిచింది. 1,440 రీడింగులు. గ్రాఫ్ గీస్తే ఏసీ ఆగి మొదలైనప్పుడల్లా వోల్టేజీ కొద్దిగా పైకీ కిందికీ వెళ్లడం కనబడింది, అది 100 మైక్రోవోల్టుల లోపే. రోజు మొత్తం మీద కదిలింది హద్దులో మూడో వంతు కూడా లేదు. నేను పదేళ్లుగా చేస్తున్న బోర్డు రాత్రంతా ఏం చేస్తుందో అప్పుడే మొదటిసారి చూశాను. రెండో బోర్డు కూడా అంతే.

మూడో బోర్డు గ్రాఫ్‌లో తెల్లవారుజామున 3:40కి ఒక మెట్టు. ఒక్క నిమిషంలో 1.6 మిల్లీవోల్టులు ఎగిరింది, కొన్ని నిమిషాల తర్వాత దానంతటదే తిరిగి కిందికొచ్చింది. ఆ తర్వాత పగలంతా బుద్ధిగా ఉంది. ముందు మీటరునే అనుమానించాం. కానీ ఆ రాత్రి ఎర్రర్లు లేవు, ఖాళీలు లేవు, ముందు రెండు బోర్డుల్లో ఇలాంటిది లేదు. బోర్డు మీద ఏదో ఉంది. ఎన్‌పీఎల్‌సీ 100 మీద పెడితే అంత చిన్న కదలికలు సగటులో కలిసిపోతాయని దాన్ని 1కి దించి, రీడ్? వెంట రీడ్? పంపుతూ, ప్లాస్టిక్ కడ్డీతో ఒక్కో భాగాన్నీ మెల్లగా తట్టుకుంటూ వచ్చాను. మా అబ్బాయి స్క్రీన్ చూస్తున్నాడు. కెపాసిటర్లు తట్టాను, ఏం లేదు. ఐసీ తట్టాను, లేదు. 10 వోల్టులు సరిచేసే చిన్న ప్రీసెట్‌ను (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సర్దే రెసిస్టర్) తాకీ తాకకుండా తట్టగానే “అదే పిన్నీ! అదే, మళ్లీ తట్టు” అని అరిచాడు. తట్టినప్పుడల్లా అంకె మిల్లీవోల్టున్నర ఎగురుతోంది. ప్రీసెట్ లోపల జారే కొన సరిగా ఆనడం లేదు.

అంతకుముందు రెండేళ్లలో రెండు సైట్ల నుంచి ‘ఎప్పుడో ఒకసారి తూకం తేడా వస్తోంది, మళ్లీ సర్దుకుంటోంది’ అని బోర్డులు వెనక్కొచ్చాయి. మా బెంచి మీద ఎంత చూసినా ఏమీ దొరక్క, శుభ్రం చేసి తిరిగి పంపేశాం. పదిహేను నిమిషాలకో రీడింగులో ఇలాంటి మెట్టు దొరకడం అదృష్టం మీదే ఆధారం. ఆ రెండు బోర్డులూ వెనక్కి తెప్పించి ఇదే పద్ధతిలో తట్టి చూశాను. ఒకదానిలో అదే జబ్బు.

ప్రీసెట్ తీసేసి, ఒక్కో బోర్డుకూ లెక్కగట్టి ఎంచిన మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు పెట్టాం. బోర్డుకు ఖర్చు తగ్గింది, సర్దడానికి పట్టే టైము మాత్రం పెరిగింది. మూడు శాంపిళ్లనూ మళ్లీ మొదట్నుంచీ నడిపించాం. ఏప్రిల్ ఆఖరి వారంలో ఫైళ్లు పంపాను. మూడో బోర్డు పాత గ్రాఫ్, దాంట్లో ఉన్న మెట్టు, దానికి మేం చేసిన మార్పు కూడా జతచేశాను. మా వారు అది పంపొద్దేమో అన్నారు, నేను పంపాలనే పట్టుబట్టాను. కస్టమర్ దగ్గర క్వాలిటీ చూసే ఆయన నాలుగు రోజులకు ఫోను చేశారు. ఎన్‌పీఎల్‌సీ ఎంత పెట్టారు, రేంజి ఖాయం చేశారా, గది వేడి ఎంత అని మూడే ప్రశ్నలు అడిగారు. చెప్పాను. మే మొదటి వారంలో 200 బోర్డుల ఆర్డరు వచ్చింది, లాట్‌కు రెండు బోర్డుల చొప్పున ఇదే 24 గంటల లాగ్ ఇవ్వాలన్న షరతుతో.